వదినకు చెప్పాల్సిన మాటతో గుడియాత్తం దాకా

ఊరెళ్ళొచ్చిన దగ్గర్నుంచి మా చీరాలలో ఒకటే ప్రశ్నలు. వేలూరు ఎట్లా ఉంది, గుడియాత్తంలో ఏం పెట్టారు, అరవదేశంలో తెలుగు క్రైస్తవులున్నారన్నది నిజమేనా, వాళ్ళూ మనలాగే పాడతారా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి దవడలు నొప్పి పుట్టాయి. అందుకని అందరికీ కలిపి ఒక్కసారే రాసేస్తున్నాను. రైలు టైములు, టిక్కెట్ల గొడవ మాత్రం అడక్కండి. ఆ తిప్పలు ఎవరివి వాళ్ళు పడాల్సిందే.

ఈ ప్రయాణానికి కారకుడు జ్ఞానప్ప మేస్త్రీ. నిరుడు మా గుడికి గంట గోపురం కట్టడానికి గుడియాత్తం నుంచి మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. వాళ్ళ తాతల తాతల నుంచీ కట్టుబడి పనే. ఎన్నో తరాలుగా తమిళ దేశంలో ఉంటున్నా ఇంట్లో మాట్లాడేది తెలుగు. కాకపోతే తెలుగు అక్షరం ముక్క రాదు. చదువంతా తమిళంలోనే. గోపురం పూర్తయిన రోజు తాపీ కడుక్కుని, చేతులు తుడుచుకుని మా ఇంటికొచ్చాడు.

"టీచరమ్మా, మా వీధిలో మాకు రెండు గుళ్ళు ఉండాయి. ఒగటి నాది, ఒగటి నా తమ్ముడిది. మాటల్లేక తొమ్మిదేండ్లు ఆయ. ఇప్పుడు రెండు సంఘాలూ కలిసి ఒగ ఆదివారం పాపాలొప్పుకొని ప్రభువు బల్ల తీసుకోవాలని అనుకుంటా ఉండాము. తెలుగు చదివి చెప్పించే మనిషి కావాల. నా పక్క మనిషి చదివితే వాడొప్పుకోడు, వాడి పక్క మనిషి చదివితే నేనొప్పుకోను. మీరు రావాల. మీ వదినమ్మను గూడా పిలుచుకోని రాండి."

వదిన ఎందుకంటే, మా వదినది చాపల గుడి, నాది బల్లల గుడి. మా ఊళ్ళో అట్లాగే అంటారు. మేం బల్లల మీద కూర్చుని పుస్తకం చూసి పాడతాం, నుదుటి మీద నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తాం. వాళ్ళు చాపల మీద కూర్చుని చప్పట్లు కొట్టి పాడతారు, కాలవలో నిండా ముంచి ఇస్తారు. గుడియాత్తం అన్నదమ్ముల తగువూ సరిగ్గా ఇదే, అన్నది బల్లల గుడి, తమ్ముడిది చాపల గుడి. చెరొక వైపు మనిషీ వస్తే ఎవరికీ నోరు లేవదని జ్ఞానప్ప ఎత్తు.

ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. ఏడేళ్ళ కిందట కరుణ వదిన మా బల్లల గుడి మనిషే. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు కాబోతోంది. ఒక తెల్లవారుజామున వెళ్ళి కాలవలో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకుంది. మా గుడిలో అది పెద్ద తప్పు. ఆ మాట నాకొక్కదానికే చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. నేను చెప్పాను. ఆ అధ్యక్షురాలి కుర్చీ మీద ఆశతో సంఘ పెద్దలకు చెప్పాను. వాళ్ళు ప్రభువు బల్ల జాబితాలోంచి, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాళ్ళలోంచి, వదిన పేరు కొట్టేశారు. కుర్చీ నాకొచ్చింది. వదిన మాత్రం ఆ పని చేసింది ఆ తెల్లవారుజామున కాలవ గట్టున ఎదురుపడ్డ ఉపదేశి గారి భార్య మార్తమ్మ అనుకుని, ఇవాళ్టి వరకూ ఆవిడ ముఖం చూడదు. నాతోనేమో రోజూ కూరలు మార్చుకుంటుంది.

ఇన్నేళ్ళ తరవాత వదినా నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబోతున్నాం. ఆ రొట్టె ముట్టుకునేలోపు ఈ మాట వదినకు చెప్పి తీరాలని ప్రార్థనలో ఒట్టు పెట్టుకున్నాను. చేతిలో మూడు రోజులున్నాయి. ఒక్క మాట చెప్పడానికి మూడు రోజులు చాలవా అని మీరనుకుంటారు, నేనూ అట్లాగే అనుకున్నాను.

రైల్లో

గూడూరు దాటగానే గొంతు సవరించుకున్నాను. "వదినా, నీకో మాట చెప్పాలి" అన్నాను.

"చెబుదువుగానిలే, ముందు ఈ గారె తిను, మెత్తబడిపోతుంది" అని నోట్లో కుక్కింది వదిన. గారె మింగేలోపు ఎదురు సీటాయన పలకరించాడు. ఆయనది కుప్పం వైపు, టీవీ సెట్ల వ్యాపారమట. ఇదివరకు ఏడాదికి పది సెట్లు అమ్మితే గొప్ప, ఇప్పుడు మిద్దెలన్నిటి మీదా గొడుగులు తిరగేసినట్టు డిష్షులు మొలిచాయి, పల్లెల్లో కూడా కలరు టీవీలు అడుగుతున్నారని గర్వంగా చెప్పాడు. వదిన వెంటనే ఆయనకు సువార్త మొదలుపెట్టింది. ఆయన ఆవిడకు టీవీ అమ్మడం మొదలుపెట్టాడు. కాట్పాడి దాకా ఇద్దరూ ఒకరికొకరు లొంగలేదు. మేం దిగేటప్పుడు ఆయన వదిన ఇచ్చిన కరపత్రం జేబులో పెట్టుకున్నాడు, వదిన ఆయన ఇచ్చిన రేట్ల కాగితం బైబిల్లో పెట్టుకుంది.

కాట్పాడిలో దిగాక కాఫీ తాగాం. గిన్నె లాంటి దాంట్లో గ్లాసు పెట్టి ఇస్తారు. ఒక దాంట్లోంచి ఇంకొక దాంట్లోకి ఎత్తి పోసుకుని చల్లార్చుకోవాలి. వదిన ఎత్తి పోసింది, సగం నా చీర మీద పోసింది. రెండు రూపాయల కాఫీలో రూపాయి నేను తాగలేదు, నా చీర తాగింది. అయినా చెప్పక తప్పదు, మిగిలిన రూపాయి కాఫీ మా చీరాలలో ఐదు కాఫీలకు సమానం.

వేలూరు

మనవాళ్ళు రాయవేలూరు అంటారే, అదే. కాట్పాడి నుంచి పాలారు వంతెన దాటితే ఊళ్ళోకి వస్తాం. పేరు పాలారు గానీ చూడబోతే ఒడ్డు నుంచి ఒడ్డుకు ఇసుకే. పెద్దాసుపత్రి వీధుల్లో నడుస్తుంటే ఏ దేశంలో ఉన్నామో తెలియదు. బోర్డులు తమిళం, తెలుగు, బెంగాలీ, హిందీ. ఎస్టీడీ బూతు లేని కొట్టు లేదు. ప్రతి బూతు ముందూ ఎవరో ఒకరు ఫోను చెవికి నొక్కుకుని, ఇంకో చెవి వేలితో మూసుకుని, "ఆపరేషన్ బాగా అయింది" అని తమ తమ భాషల్లో అరుస్తున్నారు.

మధ్యాహ్నం భోజనానికి బిర్యానీ తిన్నాం. అక్కడ బిర్యానీ పక్కన వంకాయ పులుసుకూర వడ్డిస్తారు. మాంసం పక్కన వంకాయేమిటని వదిన ముందు ముఖం ముడిచింది, తరవాత మూడుసార్లు వంకాయే అడిగి వేయించుకుంది. ఆ వంకాయలకు తొడిమ దగ్గర ముళ్ళుంటాయట, ఆ చుట్టుపక్కల పల్లెల్లో తప్ప ఇంకెక్కడా అంత రుచి రాదట. వడ్డించేవాడు మాకు బిర్యానీ కన్నా వంకాయ గురించే ఎక్కువ చెప్పాడు.

తరవాత మా ఇంటాయనకు లుంగీ కొందామని ఒక కొట్టుకెళ్ళాం. ఎనభై రూపాయలన్నాడు. వదిన నావైపు తిరిగి, నవ్వుముఖంతో, తెలుగులో, "వీడు పగటి దొంగలా ఉన్నాడే, ఆ ఉంగరాలు చూడు, మనలాంటోళ్ళ దగ్గర కొట్టేసినవే" అంది. కొట్టాయన లుంగీ మడతపెడుతూ తాపీగా అన్నాడు.

"దొంగోణ్ణే అమ్మా, అయినా రేటు మాత్రం అదే. ఉంగరాలు మా మామగారు పెట్టినారు."

వదిన ముఖం ముంగిట్లో ఉతికి ఆరేసిన గుడ్డలా అయింది. ఆయన ఏమీ అనుకోలేదు సరికదా, కుర్చీలు వేయించి, మజ్జిగ తెప్పించి, సొరుగులోంచి ఒక పెళ్ళి శుభలేఖ తీశాడు. "చిత్తూరు చుట్టాలు పంపినారు. తెలుగులో ఉండాది. నాకు చదివేకి రాదు. పెండ్లి ఎప్పుడో రొంచ చెప్పండమ్మా" అన్నాడు. చూస్తే ఆ పెళ్ళి అయిపోయి పదిరోజులైంది. ఆయన కాసేపు తల పట్టుకుని, "సరి, ఇంగ బిడ్డ పుట్టినప్పుడు పోతాను" అన్నాడు. లుంగీ డెబ్భైకే ఇచ్చాడు.

సాయంత్రం కోట దగ్గర అగడ్త గట్టున కూర్చున్నాం. కోట గోడల లోపల గుడీ, మసీదూ, చర్చీ మూడూ ఉన్నాయి. చల్లగాలి తగులుతోంది. వదిన చెప్పులు విప్పేసి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఇంతకన్నా మంచి సమయం రాదనిపించింది. "వదినా, ఏడేళ్ళ కిందట..." అని మొదలుపెట్టాను.

పక్కన ఒక బెంగాలీ ఆవిడ కూర్చుని ఉంది. ఒంటరిగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. వదిన చూపు అటు పోయింది. లేచి వెళ్ళి ఏమైందని తెలుగులో అడిగింది. ఆవిడ బెంగాలీలో చెప్పింది. భర్తకు రేపే ఆపరేషన్ అని సైగలను బట్టి అర్థమైంది. వదిన ఆవిడ తల మీద చెయ్యి పెట్టి పెద్ద గొంతుతో ప్రార్థన ఎత్తుకుంది. ఆవిడ ఏ దేవుణ్ణి మొక్కుతుందో మాకు తెలియదు, వదిన ఏమంటోందో ఆవిడకు తెలియదు. ఇద్దరూ చేతులు పట్టుకుని గట్టిగా ఏడ్చారు. అయ్యాక ఆవిడ సంచిలోంచి పాలకోవా బిళ్ళలు తీసి మా ఇద్దరికీ పెట్టింది.

లాడ్జికి నడుస్తుంటే వదిన కళ్ళు మెరుస్తున్నాయి. "ఎంత బాగుందే సుగుణా! అన్నట్టు ఏదో అంటున్నావు?" అంది. ఆ ముఖం చూసి, వంకాయ పులుసు ఎట్లా చేస్తారో రేపు అడగాలి అన్నాను. నేను ఉత్త పిరికిదాన్ని.

పళ్ళికొండలో టైరు

మర్నాడు గుడియాత్తం బస్సు పళ్ళికొండ దగ్గర పంక్చరయింది. బెంగుళూరు పోయే పెద్దరోడ్డు కదా, లారీలు, కార్లు, కొత్త కొత్త పేర్ల బస్సులు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. రంగనాథస్వామి గుడికి వచ్చినవాళ్ళూ, లారీ డ్రైవర్లూ, మా బస్సు జనమూ అందరం ఒకే పాక హోటల్లో చేరాం. పరోటాలు కాలుస్తున్నారు. ఒక్కోటి రూపాయి, కుర్మా ఎంత పోయించుకుంటే అంత.

ఇక ఈసారి వదినను చూస్తూ చెబితే లాభం లేదని తేల్చుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "వదినా, నువ్వు మధ్యలో ఏమీ అనకు. నీ బాప్తిస్మం సంగతి పెద్దలకు చెప్పింది మార్తమ్మ కాదు, నేను. నన్ను కొట్టు, తిట్టు, ఏమైనా చెయ్యి" అని ఒక్క గుక్కలో చెప్పేసి, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచాను. ఎదురు కుర్చీ ఖాళీ. వదిన ఎప్పుడు లేచిందో లేచి, పొయ్యి దగ్గర పరోటా మాస్టరు పక్కన నిలబడి, కాలిన పరోటాల దొంతరను రెండు అరచేతులతో చప్పట్లు కొట్టినట్టు కొట్టి పొరలు విడదీయడం నేర్చుకుంటోంది. "మా గుళ్ళో చేసినట్టే ఉందే!" అని అక్కణ్ణుంచే నన్ను కేకేసింది. పక్క బల్ల మీది లారీ డ్రైవరు నావైపు జాలిగా చూసి తన నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపాడు.

ఒకే గోడకు రెండు గుళ్ళు

గుడియాత్తంలో దిగగానే మా ఊరే అనిపించింది. మగ్గం చప్పుళ్ళు, వీధి పొడుగునా ఆరేసిన రంగు నూలు. కాకపోతే మా దగ్గర చీరలు, ఇక్కడ లుంగీలు. ఇప్పుడవి ఓడలెక్కి అరబ్బు దేశాలకు కూడా పోతున్నాయట. అగ్గిపెట్టెల పనికి వెళ్ళొచ్చే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వి పలకరించారు.

జ్ఞానప్ప ఎదురొచ్చి మా సంచులు లాక్కున్నాడు. ఆయన భార్య రత్నమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, "వాంగమ్మా, వాంగ, ఎండలో వచ్చినారు, ముందు రాగి సంగటి తినండి, మాటలు తర్వాత" అంది. మగవాళ్ళలో సగం మంది బెంగుళూరులో కంప్యూటరు కంపెనీల మేడలు కట్టడానికి పోయి, ఈ ఆదివారం కోసమే లీవు పెట్టి వచ్చారట.

తరవాత గుళ్ళు చూపించారు. నేను నవ్వాపుకోలేకపోయాను. రెండు గుళ్ళూ భుజం భుజం ఆనించి కూర్చున్నట్టు ఉన్నాయి. మధ్య గోడ ఒక్కటే. తగువు పడ్డ ఏడాది తమ్ముడు అరుళప్ప పంతం కొద్దీ అక్కడే స్థలం కొన్నాడట. ఇంకో గోడ కట్టడం ఇటుక దండగ అని, అన్న గోడకే తన కప్పు ఆనించాడు. మాటల్లేవు గానీ మేస్త్రీ బుద్ధి ఎక్కడికి పోతుంది! తొమ్మిదేళ్ళుగా ఇటు మెల్లగా కీర్తన ఎత్తుకుంటే అటు డప్పు మోగుతుంది. ఇటువాళ్ళు గొంతు పెంచుతారు, అటువాళ్ళు ఇంకో డప్పు తెస్తారు.

అరుళప్ప వచ్చి వదినకు వందనం పెట్టాడు, అన్నకు పెట్టలేదు. ఇద్దరూ పందిరి గుంజల గురించి కూడా రత్నమ్మ ద్వారానే మాట్లాడుకున్నారు. అన్నదమ్ముల మధ్య నాలుగడుగులు కూడా లేవు.

"రత్నమ్మా, ఆయప్పకు చెప్పు, పందిరి నా గుడి ముందర రెండడుగులు తక్కువ ఉండాది."

"రత్నమ్మా, వాడికి చెప్పు, కొలిచింది వాడి టేపుతోనే."

రత్నమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఇద్దరికీ చెరొక మజ్జిగ గ్లాసు ఇచ్చింది.

బల్ల ఎట్లా ఇవ్వాలనే దాని మీద సాయంత్రమంతా బేరం సాగింది. బల్లల గుడిలో అయ్యగారు, అంటే పాస్టరు, ఒక్కొక్కరికీ రొట్టె ఇస్తారు. చాపల గుడిలో ఒకే రొట్టెను చేతి నుంచి చేతికి అందించి, ఎవరికి వాళ్ళు తుంచి పక్కవాళ్ళకు పెడతారు. చివరికి రొట్టె తమ్ముడి పద్ధతిలో, ద్రాక్షరసం అన్న పద్ధతిలో అని తేలింది. పాపపు ఒప్పుకోలు విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

"మాకు చదివేకి రాదు గదా టీచరమ్మా. మీరొగ మాట చెప్పండి, మేమందురం ఆ మాట తిరిగి చెప్తాము. మా నాయన కాలం నుంచి అంతే. చెప్పించే మనిషి నోట్లో ఏ మాట వస్తే ఆ మాట, విడవకుండా చెప్పాల. ఒగరి పాపం ఇంగొకరు ఎత్తుకున్నట్టు" అన్నాడు జ్ఞానప్ప.

ఆ రాత్రి వదిన పక్క వేసుకోగానే గుర్రు పెట్టింది. నాకు మిగిలింది తెల్లవారిన తరవాత గంటన్నర.

ఆదివారం

ఆ గంటన్నర జడలకే సరిపోయింది. వీధిలో ఆడపిల్లలందరూ వదిన దగ్గర వరస కట్టారు. నేను చెప్పాల్సింది చెప్పకుండానే పందిట్లోకి వెళ్ళి పడ్డాను.

రెండు గుళ్ళ ముందు, వీధికి అడ్డంగా పందిరి. కుడివైపు బల్లలు, ఎడమవైపు చాపలు, మధ్యలో నాలుగడుగుల బాట. మొత్తం రెండువందల మందికి తక్కువ ఉండరు. వేలూరు నుంచి పిలిపించిన ముసలి అయ్యగారు బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయనకు తమిళం తప్ప తెలుగు ముక్క రాదు. వదిన చాపల మీద ముందు వరసలో, రత్నమ్మ పక్కన కూర్చుంది. నా చేతికి మైకు ఇచ్చారు.

పుస్తకం తెరిచాను. కళ్ళజోడు లేదు. "అయ్యో, నా కళ్ళజోడేదీ?" అన్నాను.

"అయ్యో, నా కళ్ళజోడేదీ?" అన్నారు రెండువందల మందీ, తలలు వంచుకుని, భక్తిగా.

నేను తల అడ్డంగా ఊపాను. "అది కాదు, అది కాదు" అన్నాను. "అది కాదు, అది కాదు" అన్నారు. వదిన చాప మీదే ముందుకు వంగిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. కళ్ళజోడు నా నెత్తి మీదే ఉందని జ్ఞానప్ప సైగ చేశాడు. పెట్టుకుని, ఇక అచ్చు తప్ప ఒక్క మాట ఎక్కువ అనకూడదని పళ్ళు బిగించుకుని చదివాను.

"దయగల తండ్రీ, మేము నీ యెదుట తలవంచి నిలుచున్నాము." రెండువందల గొంతులు. "మా అన్నదమ్ముల మనస్సు నొప్పించితిమి." ఆ మాట దగ్గర బల్లల వైపు ఎవరో గట్టిగా ముక్కు చీదారు. "ఇక్కడ ఎవరి పాపము వారు మౌనముగా ఒప్పుకొనవలెను." అది చెప్పించాల్సిన మాట కాదు, చదివేవాళ్ళకు రాసిన సూచన. వాళ్ళు అదీ చెప్పారు.

మౌనంగా అని ఉంది కదా అని నేను కళ్ళు మూసుకున్నాను. ఇంతకన్నా గడువు లేదు. పెదాల మీద నాకూ దేవుడికీ మాత్రమే వినబడేట్టు గొణుక్కున్నాను. "ప్రభువా, వదిన రహస్యం బయటపెట్టింది నేనే."

మైకు నా గడ్డం కిందే ఉంది.

"ప్రభువా, వదిన రహస్యం బయటపెట్టింది నేనే" అంది పందిరి మొత్తం.

అంతమంది నోటి నుంచి నా పాపం నాకే వినపడేసరికి కళ్ళు తెరిచాను. వదిన కూడా కళ్ళు మూసుకుని, చేతులెత్తి, అందరికన్నా గట్టిగా ఆ మాట చెప్పింది. చెప్పాక చేతులు దించింది. ఆమె కళ్ళు తెరుచుకున్నాయి.

పుస్తకంలో పేజీ తిప్పేస్తే సరిపోయేది. అక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఏదో వదిన, ఏదో రహస్యం అనుకుని ఊరుకునేవాళ్ళు. వదినకు కూడా అబద్ధం చెప్పి సర్దుకోగలను, అందులో నాకు ఏడేళ్ళ అనుభవముంది. కానీ నేను పుస్తకం మూసేశాను. వదినను చూస్తూనే, ఒక్కొక్క మాటే చెప్పాను.

"కరుణ వదిన నన్ను నమ్మి చెప్పింది." వాళ్ళూ చెప్పారు. "నేను కుర్చీ కోసం ఆమెను అప్పగించాను." చెప్పారు. "ఏమీ ఎరగని మార్తమ్మ మీద నింద పడుతుంటే ఊరుకున్నాను." అదీ చెప్పారు. మేస్త్రీలు, మగ్గం నేసేవాళ్ళు, పందిరి అంచున గ్లాసులు కడుగుతూ నిలబడ్డ టీ కొట్టాయన, అందరూ కుర్చీ కోసం మా వదినను అప్పగించామని ఒప్పుకున్నారు. అయ్యగారు, ఏం జరుగుతోందో తెలియక, జనం కన్నీళ్ళు చూసి "ఆమెన్, ఆమెన్" అంటున్నారు.

తరవాత వదిన లేచింది. నా దగ్గరికొచ్చి నా చేతిలో మైకు లాక్కుంది. తిడుతుందనుకున్నాను.

"ఏడేళ్ళుగా నేను మార్తమ్మ ముఖం చూడలేదు" అంది. పందిరి చెప్పింది. "ఆమె కూతురి పెళ్ళికి పిలిస్తే కార్డు చించేశాను." చెప్పింది. "ఆమె తప్పు లేదు." అది చెప్పేటప్పుడు వదిన గొంతు పోయింది, పందిరి ఆమెకన్నా బాగా చెప్పింది. మైకు నావైపు కూడా చూడకుండా బల్ల మీద పెట్టేసి చాప మీదికి వెళ్ళిపోయింది.

ఇక ఆ మైకును ఆపడం ఎవరి తరమూ కాలేదు. అరుళప్ప వచ్చి, మెడ వంచుకుని, "మా అన్న గుడి కప్పు కారతా ఉండాదని నాకు తెలుసు. తొమ్మిదేండ్లుగా నేను వాన కోసరం ప్రార్థన చేసినాను" అన్నాడు. రెండువందల మంది, జ్ఞానప్పతో సహా, జ్ఞానప్ప గుడి కప్పు కారాలని ప్రార్థించామని ఒప్పుకున్నారు. చెప్పాక గానీ జ్ఞానప్పకు అర్థం కాలేదు. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చి, "నా తమ్ముడి డప్పు పోయింది గదా, సున్నం గుంటలో పడేసింది నేనే" అన్నాడు. అందరం డప్పును సున్నం గుంటలో పడేశాం. ఒకాయన గుడి గోడలో సిమెంటు తగ్గించి ఇసుక కలిపానన్నాడు, అందరం కలిపాం. ఒకావిడ తన తోడికోడలి కోడిని కూర వండానంది, అందరం వండాం. ఏడుస్తూ నవ్వుతున్నామో నవ్వుతూ ఏడుస్తున్నామో తెలియదు. బాట ఎప్పుడు పూడిపోయిందో చూడలేదు గానీ, బల్లల వాళ్ళు చాపల మీదా చాపల వాళ్ళు బల్లల మీదా కూర్చుని ఉన్నారు. అన్నదమ్ములిద్దరూ రత్నమ్మ సాయం లేకుండా ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. అప్పుడు డప్పు మోగింది, బల్లల వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. వాళ్ళకు తాళం రాదు, అయినా కొట్టారు.

నేను మాత్రం బల్ల పక్కన ఒంటరిగా నిలబడి ఉన్నాను. వదిన ఇంకా నావైపు చూడలేదు.

రొట్టె బయల్దేరింది. అయ్యగారు విరిచి జ్ఞానప్పకిచ్చారు, జ్ఞానప్ప తుంచి తమ్ముడికి పెట్టాడు. అట్లా వరసలు తిరిగి రత్నమ్మ దగ్గరికొచ్చింది, రత్నమ్మ నుంచి వదిన చేతికొచ్చింది. వదిన పక్కన ఒక ముసలమ్మ చెయ్యి చాపి కూర్చుని ఉంది. వదిన ఆ రొట్టెను ముసలమ్మకు పెట్టలేదు, రెండు చేతుల్లోనూ పట్టుకుని చూసింది. ఆమె నాకు పెట్టకపోయినా తప్పు లేదని నాకు నేను చెప్పుకున్నాను, అయినా కళ్ళు ఆ చేతుల మీదే ఉన్నాయి.

వదిన లేచింది. ముసలమ్మను దాటుకుని, చాపలు దాటుకుని, బల్లలు దాటుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది. ముక్కు ఎర్రగా ఉంది.

"ఏడేళ్ళు నా చేతి కూర ఎట్లా తిన్నావే?" అంది గొంతు తగ్గించి.

నాకు ఏడవడం తప్ప ఏమీ చేతకాలేదు.

"ఇంటికెళ్ళాక తిడతాను. తనివితీరా తిడతాను. ఇక్కడ తిడితే వీళ్ళంతా కలిసి తిడతారు" అని గొణిగింది. రొట్టె తుంచింది. పసిపిల్లకు పెట్టేటట్టు నా గడ్డం పట్టుకుంది.

"నోరు తెరు" అంది, ఈసారి గట్టిగానే.

మైకు మళ్ళీ బల్ల మీదికే చేరి ఉంది, మా పక్కనే.

"నోరు తెరు" అన్నారు గుడియాత్తం విశ్వాసులందరూ, ఒకే గొంతుతో.

తెరిచాను.